సుగుణక్క గీసిన గ్రాఫు

పోయిన వానాకాలం పుంగనూరు పక్కన ఒక పాలకేంద్రానికి పోయినాను. నేను మదనపల్లెలో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్తాను. పిల్లల ప్రాజెక్టు పనిమీద ఆడికి పోవాల్సి వచ్చింది. లోపల పులిసిన పాల వాసన, ఎప్పుడూ తడిగా ఉండే గచ్చు, ఒక మూల దుమ్ము పట్టిన పాత కంప్యూటరు. పాలు చల్లబరిచే ట్యాంకు ఎంత చల్లగా ఉందో దాని స్క్రీను మీద గ్రాఫు వస్తోంది. బూడిదరంగు మీద లావుపాటి నల్లగీత, గీత పొడుగునా చింతగింజలంతేసి చుక్కలు. నా కాళ్లు ఆడనే నిలిచిపోయినాయి.

"ఏందమ్మా అట్ల సూస్తాండారు? అది పాత సిస్టం. వచ్చే నెల తీసేస్తాండాం. ఇంక అంతా ఫోన్లోనే వస్తాది" అన్నాడు మేనేజరు.

"ఇది ఎవరు చేసినారో తెలుసా సార్?"

"ఎవురో కుప్పమోళ్లంట. నేను రాకముందు నుంచీ ఉండాది."

సాయంత్రం పుంగనూరులో మా అమ్మ, అక్క ఉండే ఇంటికి పోయి, అక్కతో చెప్పినాను. అక్క వాకిట్లో అరుగుమీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నా మాట విని చేతులు ఆపలేదు. "చుక్కలు పెద్దవా, చిన్నవా?" అని అడిగింది. పెద్దవే అన్నాను. "అయితే మూడో వెర్షను" అనింది. తీసేస్తారంట అని చెప్తే, "తీసేయనీలే, ఎన్నాళ్లని ఉంటాది" అని, వాన వచ్చేట్టుంది మిద్దెమీద బట్టలు తెమ్మనింది. అంతే. ఆ గ్రాఫు గీసింది మా సుగుణక్కే. ఆ రోజు నుంచీ ఆ కాలమంతా నా కండ్ల ముందే తిరుగుతోంది. అక్క ముందు కూర్చుని మాట్లాడలేను కాబట్టి రాసుకుంటున్నాను.

మేం పుట్టి పెరిగిందీ ఆ ఇంట్లోనే. నాయనకు బజారులో విత్తనాలు, ఎరువుల అంగడి ఉండేది. ఆయన ఇంట్లోకి వస్తే ఆయన కంటే ముందు యూరియా, వేరుశనక్కాయల మందు వాసన వచ్చేది. నాయన చొక్కా విప్పి వంకెకు తగిలించి, కాళ్లు కడుక్కునిగానీ పిల్లల్ని ముట్టుకునేవాడు కాదు. మా అవ్వకు సాయంత్రం సంగటి కెలకడం ఒక పూజ మాదిరి. పొయ్యి ముందర గొంతుకూర్చుని, కుండను రెండు కాళ్లతో ఒడిసిపట్టుకుని తెడ్డుతో తిప్పుతుంటే ఇల్లంతా రాగిపిండి ఉడికిన కమ్మటి వాసన. మా అమ్మ నాయనకు సొంత అక్క కూతురు. అంటే అవ్వ నాయనకు తల్లి, అమ్మకు అమ్మమ్మ. అమ్మ ఆమెను ఎప్పుడూ అత్తా అనలేదు, అవ్వా అనే పిలిచేది. మా ఇండ్లల్లో ఇట్లాంటి పెండ్లిళ్లు మామూలు. ఆస్తి బయటికి పోదు, పిల్ల బయటికి పోదు అని పెద్దోళ్లు సంబరపడేవాళ్లు.

పొద్దుగూకితే మాత్రం ఆ ఇంట్లో అక్కకు తిట్లు మొదలయ్యేవి. పగలంతా అందరికంటే చురుగ్గా తిరిగే పిల్ల, సందేళ అయ్యేసరికి చెంబును తన్నేది, గుమ్మానికి తల కొట్టుకునేది. ఒకసారి గంప కింద మూసిన కోడిపిల్ల బయటికొస్తే దాన్ని తొక్కేసింది. అక్క ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ గుర్తుంది. అమ్మ మాత్రం "కండ్లు నెత్తిమీద పెట్టుకోని నడుస్తాండావా?" అని వీపుమీద ఒకటి వేసింది. అవ్వ తిట్టేది కాదు. రేచీకటి అని తానే తేల్చేసి, మునగాకు వేపుడు, బొప్పాయిపండు, వారానికొకసారి మేక కార్జం అక్కకు మాత్రం విడిగా పెట్టేది. "తిను తల్లీ, కండ్లకు సత్తవ వస్తాది" అని గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చునేది. ట్యూషన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు అక్క చెయ్యి పట్టుకుని తీసుకురావడం నా పని. అక్కకంటే ఐదేండ్లు చిన్నదాన్ని. దారిలో మోరీ కాలవ ఉంటే చెయ్యి నొక్కేదాన్ని, మెట్టు ఉంటే రెండుసార్లు నొక్కేదాన్ని. ఎవరికీ తెలీకుండా ఇద్దరం చేసుకున్న ఏర్పాటు అది. ఊర్లో వాళ్లు చూసి, అక్కాచెల్లెండ్లకు ఎంత ప్రేమో అనుకునేవాళ్లు.

డిగ్రీకి అక్క రోజూ బస్సులో మదనపల్లెకు పోయేది. బస్టాండు నుంచి కాలేజీకి నడిచే దారిలో పట్టుగూళ్లు ఉడకబెట్టే వాసన ఆమె బట్టలకు, జడకు పట్టుకుని ఇంటికొచ్చేది. అవ్వ ముక్కు మూసుకుని "ముందు తానం చేసి రా పో" అనేది. డిగ్రీ చివరి సంవత్సరం అక్క ఒక మిద్దెమీది కంప్యూటరు సెంటర్లో చేరింది. చెప్పులు బయట విప్పి, చల్లటి గదిలోకి కాళ్లు తుడుచుకుని పోవాల్సిన కాలమది. మొదటిరోజు ఇంటికొచ్చి నాతో ఒకమాట అనింది. "దానికి దాని వెలుతురే ఉంటాది పాపా. సుట్టూ ఎంత సీకటైనా అది నాకు కనపడతాది." నన్ను పాపా అనే పిలుస్తుంది ఇప్పటికీ. అప్పుడు నాకు ఆ మాట అంత పెద్దగా అనిపించలేదు. సందేళయితే ఇంట్లో మూలన కూర్చునే మనిషికి, చీకట్లో కూడా తనను వదిలిపెట్టని వస్తువు ఒకటి దొరికిందని తరవాత ఎప్పుడో అర్థమైంది.

ఉద్యోగం కుప్పంలో దొరికింది. మునస్వామి సార్ అని ఒకాయన, మూడు గదుల మిద్దెలో నలుగురితో చిన్న కంపెనీ నడిపేవాడు. సగం తెలుగు, సగం తమిళం మాట్లాడేవాడు, కోపమొస్తే కన్నడం. పాలకేంద్రాలకు, పట్టుపురుగులు పెంచేవాళ్లకు, గ్రానైటు రాళ్లు కోసే ఫ్యాక్టరీలకు ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లు. నాకూ ఆ ఊర్లోనే డిగ్రీలో సీటు రావడంతో ఇద్దరం రైలుకట్టకు దగ్గర్లో ఒక రూము తీసుకున్నాం. పొద్దున బెంగుళూరు బండి పోతుంటే గోడకున్న అద్దం వణికేది. నేను డిగ్రీ అయిపోగానే ఆ కంపెనీలోనే చేరినాను.

అక్కను మొదటినుంచీ ఒకటే విషయం పీకుతుండేది. ప్రతి ప్రోగ్రాములోనూ ఒక గ్రాఫు ఉంటుంది. ప్రతిసారీ ఎవరో ఒకరు మళ్లీ మొదటినుంచి గీతలు, చుక్కలు, అంకెలు రాసుకుంటూ కూర్చుంటారు. ప్రతిసారీ అవే తప్పులు. అట్లా కాకుండా, ఒకేసారి బాగా చేసిపెట్టుకుని, ఏ ప్రోగ్రాములో కావాలంటే ఆ ప్రోగ్రాములో తెచ్చి అతికించుకునే ముక్క ఒకటి కావాలనేది. దాన్ని మేం కంట్రోలు అనేవాళ్లం. అవ్వ మమ్మల్ని చూడడానికి కుప్పం వచ్చినప్పుడు, పొద్దస్తమానం ఆడ ఏం చేస్తావమ్మీ అని అడిగితే అక్క ఇట్లా చెప్పింది: "ఒకసారి పిండి రుబ్బి పెట్టుకుంటే ఇడ్లీ పోసుకోవచ్చు, దోశ పోసుకోవచ్చు, పొంగణాలు పోసుకోవచ్చు కదవ్వా. నేను ఆ పిండి రుబ్బతాండాను." అవ్వకు అది నచ్చింది. పుంగనూరు తిరిగిపోయి, మా మనవరాలు కంప్యూటర్లో పిండి రుబ్బతాది అని వీధంతా చెప్పింది.

పిండి రుబ్బడం అంత సులభంగా కాలేదు. ఆ ముక్కకు పాలు తెలియగూడదు, పట్టుపురుగులు తెలియగూడదు. అంకెలు మాత్రం ఇస్తే అది గీసిపెట్టాలి. అడ్డంగా, నిలువుగా ఉండే గీతల మీద ఏ అంకెలు రాయాలో అదే తేల్చుకోవాలి. మనుషులు పదులు, ఇరవైలు, యాభైలు చదువుతారుగానీ పదమూడులు, ఇరవైఆరులు చదవరు అనేది అక్క. కొత్త అంకె వచ్చినప్పుడల్లా బొమ్మ మొత్తం చెరిపి గీస్తే స్క్రీను మినుకు మినుకుమనేది. దానికోసం బొమ్మను ముందు లోపల కనపడకుండా గీసి, పూర్తయినాక ఒక్కసారిగా తెచ్చి చూపించేట్టు మార్చింది. ఆ రోజు నన్ను పిలిచి, "సూడు, రెప్ప కొట్టడంల్యా" అని చిన్నపిల్ల మాదిరి నవ్వింది. కుప్పంలో అక్క అంత నిండుగా నవ్వడం నేను చూసింది తక్కువ.

మొదటి గొడవ ఒక పాలకేంద్రం దగ్గరే వచ్చింది. కరెంటు పోయినప్పుడు ట్యాంకు దగ్గరి నుంచి అంకెలు రావు. అంకె రాకపోతే మా గ్రాఫు దాన్ని సున్నా అనుకుని గీతను దబ్బున నేలకు దించేసేది. పాలు గడ్డకట్టిపోయినాయేమో అని ఆడుండే ఆయన భయపడి సార్‌కు ఫోన్ చేసినాడు. సార్ అక్క దగ్గరికొచ్చి, "దానికేముందమ్మా, ముందటి అంకెనే మళ్లీ ఏసేయ్. గీత తెగకుండా వస్తాది. సూసేవాళ్లకు బాగుంటాది" అన్నాడు.

"అట్లేస్తే అబద్ధం సార్. ఆ రెండు గంటలు పాలు ఎట్లుండాయో మనకు తెలీదు. తెలీదనే సూపిద్దాం" అనింది అక్క.

"తెలీదని ఎట్ల సూపిస్తావు?"

"ఆడ గీత గీయను. ఖాళీగా ఇడుస్తాను."

సార్ గొణుక్కుంటూ పోయినాడు. గీత మధ్యలో ఆ ఖాళీలు అట్లాగే ఉండిపోయినాయి. కేంద్రంలో వాళ్లకు కొన్నాళ్లకు అలవాటైంది. ఖాళీ కనపడితే ఆ పూట పాలను ఇంకోసారి పరీక్ష చేసుకునేవాళ్లంట.

అక్క చూపు తగ్గుతోందని నాకు ముందుగా తెలిసింది మౌసు వల్ల. బాణం గుర్తు ఎక్కడుందో కనపడక, మౌసును బల్లమీద గుండ్రంగా తిప్పుతూ ఉండేది. ఎదురుగా ఉన్నది నిక్కచ్చిగా కనపడేది, సన్న అక్షరాలు కూడా చదివేది. పక్కన ఉన్నది మాత్రం లేనట్టే. పక్కన టీ గ్లాసు పెడితే చెయ్యి తగిలి కిందపడేది. ఎవరికీ చెప్పకుండా కంట్రోలును మార్చుకుంటూ పోయింది. మౌసు లేకుండా కీబోర్డు మీటలతోనే గీత మీద ఒక్కో చుక్కకూ పోయేట్టు చేసింది. గీత లావు చేసింది. చుక్కలు పెంచింది. తెల్లటి వెనకరంగు కండ్లలో గుచ్చుతోందని బూడిదరంగు వేసింది. "ఇంత లావు గీత యాలమ్మా, తారురోడ్డు మాదిరి ఉండాది" అని సార్ నవ్వినాడు. అక్క కూడా నవ్వి ఊరుకుంది. దూరం నుంచి కూడా కనపడుతోందని కొన్నవాళ్లు మెచ్చుకున్నారు. ఆ లావు ఎవరికోసమో ఆ ఆఫీసులో నాకొక్కదానికే తెలుసు.

నేనే పట్టుబట్టి బెంగుళూరులో ఒక కంటాసుపత్రికి తీసుకుపోయినాను. చీకటి గదిలో ఒక గిన్నె లాంటి మిషను ముందు కూర్చోబెట్టి, వెలుతురు చుక్క కనపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను వెనక నిలబడి చూస్తున్నాను. చుక్కలు వస్తున్నాయి, పోతున్నాయి. అక్క చెయ్యి కదలడం లేదు. తరవాత డాక్టరమ్మ ఒక కాగితం ముందర పెట్టింది. గుండ్రటి బొమ్మ, చుట్టూ అంతా నలుపు, నడిమధ్యలో రూపాయిబిళ్లంత తెలుపు. "ఈ తెల్లగా ఉండేదే మీకు కనిపిస్తున్నది" అనింది. అక్క కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. మొత్తం ఒకేసారి కనపడక, దాన్ని కొంచెం ఎడమకు, కొంచెం కుడికి, పైకి, కిందికి జరుపుతూ చూసింది. తనకు కనపడనిది ఎంతో తెలుసుకోవడానికి తనకు మిగిలిన ఆ కొంచెంతోనే వెతుక్కుంటోంది. నేను కిటికీ వైపు తిరిగినాను.

కంటి వెనకపొర ఎండిపోతోందని, దీనికి మందు లేదని, ఇంట్లో మేనరికాలున్నాయా అని అడిగింది డాక్టరమ్మ. ఉన్నాయని చెప్పినాం. "అయితే చెల్లెలికి కూడా చూద్దాం" అని నన్ను కూర్చోబెట్టింది. నా కండ్లు బాగున్నాయి. ఆ మాట వినగానే నా ఒళ్లంతా తేలికైంది. ఆ వెంటనే అక్క మొహం చూడలేక తలకాయ దించుకున్నాను. అక్కే నా భుజం పట్టుకుని, "పోనీ, ఒకరికన్నా బాగుండాయి. అమ్మకు చెప్పేటప్పుడు ముందు ఈ మాట చెబ్దాం" అనింది. రైల్లో తిరిగొస్తూ నన్నే కిటికీ పక్కన కూర్చోమనింది. పొలాలు ఎట్లున్నాయో అడుగుతూ వచ్చింది. ఇంటికి పోయి చెప్పినరోజు అమ్మ ఏడవలేదు. గోడకానుకుని కూర్చుని, "కోడిపిల్లను తొక్కిందని కొడితిని గదే" అనింది. ఆ తరవాత మా ఇంట్లో అక్క పెండ్లి మాట ఎవరూ ఎత్తలేదు.

బెంగుళూరు కంపెనీ ఒకటి మా కంట్రోలును కొంటానని వచ్చింది ఆ తరవాతే. వచ్చినాయన మంచి బట్టల్లో, మర్యాదగా ఉన్నాడు. సార్ పరిచయం చేస్తే అక్కకు షేక్‌హ్యాండు ఇవ్వడానికి చెయ్యి చాచినాడు. ఆ చెయ్యి అక్క చూపుకు కిందనే ఉండిపోయింది. ఆమె ఆయన మొహం చూస్తూ నమస్కారం సార్ అని నిలబడింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బయట మెట్లమీద సార్‌తో "ఆ అమ్మాయికి కొంచెం పొగరు" అనడం మా ఇద్దరికీ వినపడింది. సార్ ఉండబట్టలేక, ఆసుపత్రికి పోయొచ్చినాక మేం ఆయనకు చెప్పిన కండ్ల సంగతి బయటపెట్టినాడు. అప్పుడు ఆయన గొంతు మారిపోయింది. అయ్యో పాపం అన్నాడు. ఆ వెనకే, "మరి రేపు ఏదన్నా మార్చాలంటే ఎవరు మారుస్తారు?" అన్నాడు. లోపల అక్క కుర్చీలో బిగదీసుకుని కూర్చుంది. "పొగరని అనుకున్నా బాగుండేది" అనింది మెల్లగా.

చివరికి వాళ్లే కొన్నారు. గీతలు సన్నగా, నీడలు పడుతూ, ఎత్తుగా లేచినట్టు ఉండాలన్నారు. ప్రోగ్రాము తెరిస్తే కనపడే అక్క పేరు తీసేయాలన్నారు. "పేరు తీస్తే తీయనీ. ఖాళీలను మాత్రం పూడ్చొద్దని సెప్పండి సార్" అనింది అక్క. సార్ చెప్పినాడో లేదో తెలియదు. కొన్నేండ్ల తరవాత వాళ్ల గ్రాఫు ఒకచోట చూసినాను. ఎక్కడా తెగకుండా నున్నగా పోతోంది గీత.

వాళ్లు అడిగిన మార్పులు చేసేనాటికి అక్క స్క్రీను చదవలేకపోతోంది. ఆమె చెప్తుంటే నేను టైపు చేసేదాన్ని. కండ్లు మూసుకుని, ప్రోగ్రాము మొత్తం పద్యం మాదిరి అప్పజెప్పేది. బ్రాకెట్టు ఎక్కడ తెరవాలో, ఎక్కడ మూయాలో కూడా తప్పేది కాదు. నేను టైపు చేసేదానికంటే ముందుకు పోయి ఆగి ఉండేది. ఒక ఆదివారం పొద్దున, రూములో వేళ్లతో తడిమి బియ్యం ఏరుతూ, అంకెలు రాసే భాగం చదవమనింది. చదివినాను. అక్క చెయ్యి చాటలో ఆగిపోయింది.

"ఇది నేను రాసింది కాదే" అనింది.

"సున్నాకంటే తక్కువ అంకెలొస్తే అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడతాండాయి కదక్కా. పోయిన వారం మార్చినా. నీకు చెప్పినాను."

"సెప్పినావు. మళ్లా సదువు."

మళ్లీ చదివినాను. ఇంకోసారి చదవమంటే ఇంకోసారి చదివినాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. లోపల ఎక్కడో దాన్ని అమర్చుకోవాలని చూస్తోంది. కూడిక, తీసివేత, దాని లోపల ఇంకో లెక్క. నేను కాగితం మీద గీసుకుని, వారమంతా చూసుకుంటూ రాసినది అది. విని గుర్తుపెట్టుకునేది కాదు. చాలాసేపటికి చాటను పక్కన పెట్టింది.

"బాగానే రాసినావు. నేనైనా అట్లనే రాసుందును. కానీ ఇది నా తలకాయలో లేదు పాపా. ఇంక ఇది నీదే."

నేను ఏదో అన్నాను, రోజూ చదివి వినిపిస్తాను అనో, పాతదే పెట్టేద్దాం అనో. అక్క వినలేదు. లేచి, గోడ తడుముకుంటూ పోయి పొయ్యి వెలిగించింది. ఆ తరవాత వారానికి అమ్మ వచ్చి అక్కను పుంగనూరుకు పిలుచుకుపోయింది. బస్సు ఎక్కేటప్పుడు మెట్టు దగ్గర నేను చెయ్యి పట్టుకోబోతే, అమ్మ ముందే పట్టుకుంది. నేను ఇంకో రెండేండ్లు ఆ ఆఫీసులో పనిచేసినాను. సార్ కంపెనీ మూసేసి సేలం పక్క పోయినాక, మదనపల్లెకు వచ్చి పాఠాలు చెప్పడంలో పడినాను.

ఇప్పుడు మా పిల్లలు ఒక్క లైను రాస్తారు, గ్రాఫు వచ్చేస్తుంది. రంగురంగులుగా, కదులుతూ, వేలితో తాకితే విచ్చుకుంటూ. దాని వెనక ఎవరు ఎన్ని అగచాట్లు పడినారో వాళ్లు అడగరు. నేనూ చెప్పను. వాళ్ల తప్పేముంది, దోశ తినేవాడు రుబ్బురోలు గురించి అడగడు. అవ్వ లేదు, నాయన లేడు. ఇంట్లో రాగిసంగటి ఇప్పుడు కుక్కరులో ఉడుకుతుంది, ఆ వాసన రాదు. అక్కకు మాట్లాడే ఫోను ఒకటి కొనిచ్చినాను. మెసేజీలు చదివి వినిపిస్తుంది, వార్తలు చదువుతుంది, టైము చెప్తుంది. అక్కకు కొంత తెరిపి దొరికిందనే అనాలి. కానీ ఎక్కడన్నా గ్రాఫు వస్తే మాత్రం ఆ ఫోను "బొమ్మ" అని ఒక్కమాట అని దాటుకుని పోతుంది. అక్క కూడా దాన్నట్లే వదిలేసి ముందుకు పోతుంది. ఈ యంత్రాలు ముందే వచ్చుంటే అక్క బతుకు ఇంకో తీరుగా ఉండేదేమో అని నేను అంటే, "ఉండేదేమో" అంటుంది. ఆ ఒక్కమాటలో కోపం లేదు, ఆశా లేదు.

అమ్మకు ఇప్పుడు షుగరు. డాక్టరు చెప్పినాడని, చేతికి అతికించే బిళ్ల ఒకటి తెచ్చి పెట్టించినాను. అది పగలూ రాత్రీ లెక్క పంపిస్తే, నా ఫోన్లో గీతగా వస్తుంది. పోయిన ఆదివారం అమ్మ మంచంమీద కూర్చుని, "నాకేం తెలస్తాది ఆ వంకరటింకర్లు, బాగుండాదా లేదా సెప్పు సాలు" అంటోంది. అక్క పక్కనే కింద కూర్చుని ఉంది.

"ఎట్లుండాది పాపా?" అని అడిగింది.

"పైకే పోతాంది అక్కా."

"పైకంటే? అంకెలు సెప్పు."

సోమవారం పొద్దుటి నుంచి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టినాను. చదివే అలవాటు ఉన్నదాన్ని కాబట్టి గబగబా చదువుకుంటూ పోతున్నాను. అక్క చెయ్యెత్తి ఆపింది. తల కొంచెం వంచుకుని ఉంది. మోకాలిమీద పైకీ కిందికీ కదులుతున్న వేలు ఆగి ఉంది.

"నిదానంగా సదువు" అనింది. "గీసుకుంటాండాను."